జరుగని కలహముల చరిత్ర

చరిత్ర గ్రంథములలో యుద్ధములకును అల్లరులకును లభించిన పుటలు, అవి జరుగకుండ చేసిన ప్రయత్నములకు లభింపలేదు. జరిగినదానికి సాక్షులుందురు, జరుగనిదానికి సాక్షులెవరు? అందుచే కలహమును ముందుగా మాన్పినవారి పని, ఊరికి మేలుచేసియు పేరు లేకయే పోవుచున్నది. ఈ పని యెట్టిదో తెలిసికొనుటకు హైదరాబాదు పాతనగరమందలి పత్తర్‌గట్టి వీధి మంచి నిదర్శనము.

చార్మినారునకు ఉత్తరముగా, మచిలీకమాను దాటి మదీనా కూడలివరకు సాగు నీ వీధికి ఇరుప్రక్కల రాతికమానుల వరుసలున్నవి. వాని నీడన బట్టలు, ముత్యములు, అత్తరులు అమ్మెడి దుకాణములున్నవి. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి సుమారు 15,000 మందిని పొట్టనబెట్టుకొనెను. పిమ్మట 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంఘము నగరమును చక్కదిద్దిన కాలమున నీ వీధికి నేటి రూపము వచ్చినది. ఆ వరదనుగూర్చి యోచించుటకు 1909లో వచ్చిన విశ్వేశ్వరయ్యగారు, నీరు ఊరిలోనికి వచ్చిన పిదప దానితో పోరాడు ఉపాయము చెప్పలేదు. ఊరికి ఎగువనే దానిని నిలుపుమనిరి. అట్లు 1920లో ఉస్మాన్‌సాగరము, 1927లో హిమాయత్‌సాగరము పూర్తియైనవి. కలహమునుగూర్చియు మేము చెప్పదలచినది ఇదియే. అది పిడుగువలె పడదు. వరదవలె ఎగువనుండి వచ్చును. చూడదలచినవారికి ముందే కనబడును.

పాతనగరమునకు ఈ వరదలు క్రొత్తవి కావు. 1984లోను, 1990 డిసెంబరులోను చెలరేగిన అల్లరులను ఆ తరమువారు మరువలేదు. 1990లో వందమందికి పైగా మరణించిరి. కర్ఫ్యూ దినములలో పసిబిడ్డకు పాలు దొరకవు. నాటి కూలి లేనియింట నాటి అన్నము లేదు. ప్రసవవేదన పడు స్త్రీ వీధి దాటలేదు. అల్లరిని లేపినవారు ఈ కష్టము పడరు. పడినవారు అల్లరిని కోరలేదు.

ఇక జరుగని కలహమును చూతము. బాలాపూరునుండి బయలుదేరు వినాయక నిమజ్జనోత్సవము చార్మినారు, పత్తర్‌గట్టి, మదీనాల మీదుగా హుస్సేన్‌సాగరమునకు పోవును. మిలాద్ ఉన్ నబీ ఊరేగింపునకును చార్మినారు పరిసరములే స్థానము. హిజ్రీ సంవత్సరము శుద్ధ చాంద్రమానము, సుమారు 354 దినములు; తెలుగు పంచాంగమో, అధికమాసమును చేర్చి ఋతువులతో సరిపెట్టుకొనును. 2023లో శ్రావణము అధికమగుటచే చవితి ఆలస్యమై, నిమజ్జనము సెప్టెంబరు 28న పడెను. మిలాదును ఆనాడే వచ్చెను. లక్షలాది జనముతో రెండు ఊరేగింపులు ఒకే దినమున ఒకే దారికి రానున్నవి. ఒక రాయి, ఒక వదంతి చాలును.

అప్పుడేమి జరిగినది? మిలాదు ఊరేగింపు నిర్వాహకులు, నాయకులు, పోలీసు అధికారులు ముందుగా కూర్చుండి మాటలాడుకొనిరి. ఊరేగింపు అక్టోబరు 1వ తేదీకి మారినది. 2024లోను రెండు పండుగలు సెప్టెంబరు 16, 17 తేదీలలో వెంటవెంట వచ్చుటచే ఊరేగింపును 19కి మార్చిరి. ఇందు అద్భుతమేమియు లేదు. పంచాంగము చూచుట, పిలిచి మాటలాడుట, వినుట, ఇంతే. కాని ఇంతపాటి పని జరుగకనే ఎన్ని ఊళ్లు తగులబడలేదు!

లాఠీయు కర్ఫ్యూయు ఉండగా ఈ మంతనము లేలయని కొంద రందురు. దండోపాయమును నీతిశాస్త్రములు చివర నుంచుటకు కారణము కలదు. భారతకథ నెఱుగని తెలుగిల్లు లేదు. కృష్ణుడు రాయబారమునకు పోవునాటికి పగ ముదిరిపోయినది. అంతకు ఎంతో పూర్వము, ద్యూతమునకు ముందే, విదురుడు వలదని చెప్పెను. ఎగువన ఆపవలసిన చోటు అది, వినినవారు లేరు.

అయితే పండుగ దగ్గరపడినపుడు మాత్రము చేయు చర్చ చాలదు. ఆశుతోష్ వర్ష్ణే యను పండితుడు 2002లో ప్రకటించిన గ్రంథమున హైదరాబాదును లక్నోతోను, మఱికొన్ని నగరములను జంటలుగాను పోల్చి చూచెను. వర్తక సంఘములలోను, వృత్తి సంఘములలోను ఇరుమతములవారు నిత్యము కలసి పనిచేయుచోట వదంతి అల్లరిగా మారుట కష్టమని అతడు తేల్చెను. అంగడి పొత్తు అట్టి చెరువుకట్టయే. నెయ్యమునకు ముందే కట్ట పోసినవారికి కయ్యము నాడు మాట చెల్లును.

మఱియొక మాట. రెండేండ్లును తేదీ మార్చుకొన్నది ఒక పక్షమువారే. దానిని వారి బలహీనతగా నెంచినవాడు కట్టకు గండి కొట్టువాడు. ఆ మర్యాదను అప్పుగా నెంచి, తమ వంతు వచ్చినపుడు తీర్చుట రెండవ పక్షమువారి ధర్మము. ఎల్లప్పుడు ఒకరే తగ్గినచో అది శాంతి కాదు, అణగియుండుట. అణగిన కోపము మరల ఎగువన నీరై నిలుచును.

గృహస్థులకు ఇందు పని లేదనరాదు. చేతిలోని ఫోనునకు వచ్చిన కీడుమాటను విచారింపక పదిమందికి పంపుటయు, బిడ్డలముందు పొరుగు మతమును తూలనాడుటయు ఎగువన వానలే. వానిని ఇంటనే ఆపినవారి పేరును ఏ చరిత్రయు వ్రాయదు. కాని పండుగ మఱునాడు పత్తర్‌గట్టిలో దుకాణములు ఎప్పటివలె తెరచియుండును. వారి పనికి అదియే సాక్ష్యము.