ముసుగు వేసుకున్న పాళీ

పది రోజులు ముట్టుకోని ఇంకు పెన్ను మూత విప్పితే పాళీ మీద పొలుసు కట్టి ఉంటుంది. నడిమి చీలిక పొడవునా, దాని చివరి చిన్న రంధ్రం చుట్టూ నీలం గట్టిపడి, వెలుతురులో పక్కకు వంచితే రాగిలా మెరుస్తుంది. గోటితో గీకితే పొడి రాలుతుంది. ఇంకులో ఎక్కువ భాగం నీరే. అది చీలికలోంచి పైకి పాకి గాలికి ఆరిపోతుంది, రంగు అక్కడే ఉండిపోతుంది. వెనక నుంచి మళ్లీ ఇంకు పాకుతుంది, పొర మీద పొర పడుతుంది.

ముంచి రాసే రోజుల్లో ఇది పెద్ద బెడద కాదు. ఐరోపాలో వందల ఏళ్లు వాడిన సిరా మాచికాయ కషాయంలో అన్నభేది అనే ఇనుప లవణం కలిపి, తుమ్మబంకతో చిక్కబరిచింది. రాయడం, పాళీని గుడ్డముక్కతో తుడిచెయ్యడం, అంతే. 1884లో న్యూయార్క్‌లో లూయిస్ వాటర్‌మన్ పేటెంటు పొందిన పెన్నులో మాత్రం సిరా పొట్టలోనే ఉంటుంది, పాళీ కింది నాలుకలో కోసిన సన్నని గాడుల గుండా దిగుతుంది. ఆ గాడుల్లోకి ఏ గుడ్డా దూరదు. అక్కడ బంక, ఇనుప మడ్డి పేరుకుంటే పెన్ను మూగబోయినట్టే.

మాచికాయ సిరా కాగితం మీద గాలి తగిలి నల్లబడి, నీళ్లకు చెరగకుండా నిలుస్తుంది. దస్తావేజులకు కావలసింది అదే. కానీ పాళీ మీదా అదే గాలి, అదే మొండి నలుపు. పైగా ఆ సిరాలోని ఆమ్లం ఉక్కును తినేస్తుంది. మంచి పెన్నులకు బంగారు పాళీ పెట్టడానికి సోకు ఒక్కటే కారణం కాదు.

అమెరికాలో జేన్స్‌విల్ ఊరి పార్కర్ కంపెనీ 1931లో క్వింక్ అనే ఇంకు తెచ్చింది. త్వరగా ఆరుతుందన్న మాట పేరులోనే ఉంది. అందులో కలిపిన సాల్వ్-ఎక్స్ అనే పదార్థం వల్ల రాస్తుండగానే పెన్ను శుభ్రపడుతుందని ప్రకటనలు వేసింది. అయినా అసలు చిక్కు తీరలేదు. కాగితం మీద వెంటనే ఆరిపోవాలి, పాళీ మీద ఎప్పటికీ ఆరకూడదు. రాసేవాళ్లు ఒకే ఇంకును అడిగే వరాలివి రెండూ, ఒకదానికొకటి పడవు.

1941లో వచ్చిన పార్కర్ 51 దీనికి జవాబును పెన్ను ఆకారంలో వెతికింది. దానితోపాటు అమ్మిన ఇంకు కాగితంలోకి చటుక్కున ఇంకిపోయేది. ఎంత ఘాటు క్షారమంటే, 51లో తప్ప వేరే పెన్నులో పోయవద్దని సీసా మీదే హెచ్చరించారు. తెరిచి ఉన్న పాళీ మీద అలాంటిది క్షణాల్లో ఎండుతుంది. అందుకని పాళీని గొట్టంలా చుట్టి, పైన ముసుగు తొడిగి, కొస మాత్రం పిట్టముక్కులా బయటికి వదిలారు. ముసుగు లోపల పలుచని రెక్కల వరుస ఉంటుంది. వాటి సందుల్లో నిలిచిన ఇంకు పాళీని తడిగా ఉంచేది. ఎంత అందమైన పరిష్కారం! ఆ ఘాటు ఇంకు కాలగర్భంలో కలిసిపోయినా ముసుగు నిలిచింది.

షాంఘై నుంచి వచ్చి మన బడిపిల్లల జేబుల్లో మెరిసిన హీరో పెన్నుదీ ఆ పోలికే. అయితే ముసుగు ఎండటాన్ని ఆలస్యం చేస్తుందే తప్ప ఆపదు. ఎండిందా, పొలుసు కంటికి కనబడదు. పెన్ను విదిలించి పక్కవాడి చొక్కా మీద చుక్కలు వేసిన పిల్లలకు ఆ సంగతి తెలిసే దారి లేదు.

రాజమండ్రిలో కోసూరి వెంకటరత్నం 1930లలో స్వదేశీ పట్టుదలతో మొదలుపెట్టిన ఎబోనైటు (గట్టి రబ్బరు) పెన్నులది వేరే దారి. 1935లో ఆ పెన్ను అందుకుని గాంధీజీ ఆయనకు ఉత్తరం రాశారు. తరిమెన పట్టి చేసే ఆ పెన్నుకు ముసుగు లేదు, వెడల్పాటి పాళీ బయటికే ఉంటుంది. మర విప్పితే పొట్ట వేరవుతుంది, పాళీ, నాలుక లాగితే చేతికి వస్తాయి. కడగడానికి వేడినీళ్లు పనికిరావు, ఎబోనైటు నలుపు గోధుమ రంగుకు తిరుగుతుంది. చల్లటి నీళ్ల గ్లాసులో వేసి ఉంచితే గాడుల్లోంచి నీలం సన్నని దారాల్లా దిగుతుంది. నీళ్లు రెండు మూడుసార్లు మార్చేసరికి ఆ దారాలు తెగిపోతాయి.