బళ్ళారి జిల్లా బోర్డు : ఎన్నికల చరిత్ర

శాసనసభ ఎన్నికలను గూర్చియు, లోకసభ ఎన్నికలను గూర్చియు మన ఇండ్లలో జరుగు చర్చలకు అంతు లేదు. ఏ యేట ఎవరు గెలిచిరో, ఎవరికి డిపాజిట్టు పోయెనో చిన్నవారు కూడ చెప్పగలరు. కాని మన పల్లెకు రోడ్డు వేసినదియు, బావి త్రవ్వించినదియు, బడికి పంతులును పంపినదియు ఏ సభయని అడిగినచో పెద్దలు సైతము తడుముకొందురు. ఆ సభ జిల్లా బోర్డు. దాని పేరు పలుమార్లు మారినది. దాని సరిహద్దు లంతకంటె ఎక్కువగా మారినవి. నడుమ పాతికేండ్లకు పైగా అది లేనే లేదు. బళ్ళారి ప్రాంతమున తరతరములుగ స్థిరపడిన తెలుగు కుటుంబముల మేలుకొరకు ఆ కథను ఇచ్చట క్లుప్తముగ వ్రాయుచున్నాము.

1800లో నిజాము దత్తము చేసిన సీమకు మన్రో దొర కలెక్టరుగ వచ్చెను. ఆ సీమను 1808లో బళ్ళారి, కడప జిల్లాలుగ విభజించిరి. 1882లో బళ్ళారి నుండి అనంతపురము వేరయినది. ఈ విభజనల నడుమ, అనగా 1871లో, చెన్నపట్టణ ప్రభుత్వము స్థానిక నిధుల చట్టమును చేసెను. భూమి శిస్తుతో పాటు రూపాయికి అణా చొప్పున రోడ్డు సెస్సు వసూలు చేసి, ఆ సొమ్మును రోడ్లకు, బడులకు, ఆసుపత్రులకు, సత్రములకు వెచ్చించుట దాని ఉద్దేశము. ఖర్చు చూచుటకు ఒక బోర్డు ఏర్పడెను. దానికి అధ్యక్షుడు కలెక్టరే. సభ్యులు ప్రభుత్వము నియమించినవారే. సొమ్ము రైతుది, పెత్తనము దొరగారిది. అటుపై అయిదేండ్లకే ధాతు కరవు వచ్చెను. 1876 మొదలు 1878 వరకు బళ్ళారి పడిన బాధ దక్షిణ దేశమున బహు కొద్ది జిల్లాలు మాత్రమే పడినవి. 1881 జనాభా లెక్కలలో జిల్లా జనము పదేండ్ల క్రిందటికంటె ఎంతో తగ్గిపోయెను. కరవు పనుల క్రింద వేసిన రోడ్లను ఆ తరువాత కాపాడు భారము స్థానిక నిధిపై పడినది.

రిప్పన్ ప్రభువు 1882 మే నెలలో స్థానిక స్వపరిపాలనను గూర్చి ప్రసిద్ధమయిన తీర్మానమును వెలువరించెను. దాని ఫలముగ 1884లో మద్రాసు స్థానిక బోర్డుల చట్టము వచ్చెను. జిల్లాకొక బోర్డు, దాని క్రింద తాలూకా బోర్డులు, పెద్ద గ్రామములకు యూనియనులు అను మూడంతస్తుల కట్టడము అప్పుడే పుట్టినది. ఈ చట్టముతో ఎన్నిక అను మాట లోనికి వచ్చెను గాని గడప దాటి కూర్చుండలేదు. సభ్యులలో కొందరు మాత్రమే ఎన్నికయినవారు. కలెక్టరు చాలకాలము అధ్యక్షుడుగనే ఉండెను. సభా వ్యవహారములు ఇంగ్లీషులో నడచుచుండుటచేత వకీళ్ళు, జమీందారులు, పెద్ద భూస్వాములు తప్ప అన్యులు నోరు విప్పుట అరుదు.

ఇచ్చట ఒక సంగతి గమనింపవలెను. జిల్లా బోర్డు పల్లెల సభ. బళ్ళారి, ఆదోని వంటి పురపాలక సంఘములుగల పట్టణములు దాని అధికారమునకు వెలుపల ఉండెను. మనవారిలో వర్తకులు, ఉద్యోగులు, వకీళ్ళు, నాటక సమాజములవారు అధిక భాగము బళ్ళారి పట్టణమున నివసించినవారు. అందుచే మన పత్రికలలో, సభలలో జిల్లా బోర్డు మాట అంతగా వినబడలేదు. పల్లెలలో సేద్యము చేసిన తెలుగువారికి దానితో నిత్యము పని యుండెను; పట్టణములోని తెలుగువారికి దాని ఎన్నికలలో వోటే లేదు. ఈ ఎడము నేటికిని పోలేదు.

1920లో చట్టమును తిరుగ వ్రాసిరి. బోర్డులలో ఎన్నికయినవారి పాలు బాగుగ పెరిగెను. కలెక్టరు కుర్చీ దిగెను. అనధికారులు అధ్యక్షులగు రోజులు వచ్చెను. అప్పటి ద్వంద్వ ప్రభుత్వమున స్థానిక స్వపరిపాలన శాఖ పానగల్లు రాజాగారి చేతిలో ఉండుటచే, జిల్లా బోర్డు అధ్యక్ష పదవి రాజకీయ పక్షములకు బలమయిన కోటగా మారెను. బడిపంతులును ఒక ఊరి నుండి మరియొక ఊరికి మార్చుట, రోడ్డు కంట్రాక్టు ఇచ్చుట, ఆసుపత్రికి స్థలము నిర్ణయించుట – ఇవన్నియు అధ్యక్షుని చేతి పనులు. మంత్రికంటె జిల్లా బోర్డు అధ్యక్షునికే పల్లెటూళ్ళలో ఎక్కువ మర్యాద జరిగెడిదనుట అతిశయోక్తి కాదు. 1930 సవరణతో నియామకములు తొలగి ఎన్నికకే ప్రాధాన్యము కలిగెను. బొబ్బిలి రాజాగారు మొదటి మంత్రిగ ఉన్న 1934లో తాలూకా బోర్డులు రద్దయినవి. వానికి తగిన రాబడి లేదనుట చెప్పిన కారణము. 1931లో మోటారు వాహనముల పన్ను వచ్చి రహదారి సుంకపు గేట్లు లేచిపోవుటతో స్థానిక సంస్థల సొంత రాబడికి గట్టి దెబ్బ తగిలెను. ఆనాటినుండి సర్కారు గ్రాంటుకై చేయి చాచుట వానికి అలవాటయినది.

ఆ కాలమున వోటు అందరికి లేదు. పన్ను కట్టువారికే గలదు. కౌలుదారు, కూలివాడు, నూటికి తొంబదిమంది స్త్రీలు జాబితాలో కనబడరు. చదువురాని వోటరుకై అభ్యర్థికొక రంగు పెట్టెను ఏర్పరచు పద్ధతి 1937 శాసనసభ ఎన్నికలలో పేరు కెక్కినది. పసుపుపచ్చ పెట్టె కాంగ్రెసు పెట్టెగా ఇంటింట తెలిసిపోయెను. అక్షరము రానివాడు రంగు నెరుగునని కనుగొన్నవాని బుద్ధిని మెచ్చుకొనవలసినదే.

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్ర మేర్పడెను. పది తాలూకాల బళ్ళారి జిల్లా చీలిపోయెను. ఆదోని, ఆలూరు, రాయదుర్గము ఆంధ్రకు వచ్చినవి. హరపనహళ్ళి, హడగలి, హోసపేట, కూడ్లిగి, సండూరు, సిరుగుప్ప మైసూరుకు పోయినవి. బళ్ళారి తాలూకా విషయమున జస్టిస్ మిశ్రా విచారణ జరిపి మైసూరుకే చెందవలెనని నివేదించిరి. ఆ దినముల ఆవేశమును మరల త్రవ్వుట మా ఉద్దేశము కాదు. మన పెద్దల ఇండ్లలో కొందరు సంతసించిరి, ఎందరో దుఃఖించిరి. పెండ్లి సంబంధములు మాత్రము ఎప్పటివలెనే సరిహద్దు దాటుచు సాగినవి. అయితే ఒకే బోర్డుకు సెస్సు కట్టిన రైతులు రెండు రాష్ట్రముల వారయిరి. ఆ రెండు ముక్కలు తరువాత నడచిన త్రోవలు పోల్చి చూడదగినవి.

ఆంధ్రప్రదేశము 1959లో పంచాయతి సమితులు, జిల్లా పరిషత్తుల చట్టమును తెచ్చెను. ఆదోని, ఆలూరు కర్నూలు జిల్లా పరిషత్తు క్రిందికి, రాయదుర్గము అనంతపురము జిల్లా పరిషత్తు క్రిందికి వచ్చెను. వానికి ఎన్నికయిన అధ్యక్షులుండిరి. సరిగ్గా ఆ యేటనే మైసూరు రాష్ట్రము తన గ్రామ పంచాయతులు, స్థానిక బోర్డుల చట్టమును చేసెను. దాని ప్రకారము ఎన్నిక గ్రామమునందును తాలూకాయందును మాత్రమే. జిల్లాలో ఉన్నది జిల్లా అభివృద్ధి మండలి; దానికి అధ్యక్షుడు డిప్యూటీ కమిషనరు; దాని పని సలహా చెప్పుట. మద్రాసు చట్టము క్రింద బళ్ళారిలో నిలిచియున్న జిల్లా బోర్డు ఇట్లు అంతరించెను. తాలూకా బోర్డులకైనను ఎన్నికలు సకాలమున జరుగలేదు. గడువులను పొడిగించుచు పోయిరి. 1871లో కలెక్టరు కూర్చున్న కుర్చీలోనే స్వతంత్ర భారతమున మరల అధికారి కూర్చుండుట విచిత్రమేమి కాదని కొందరందురు. మాకది విచిత్రముగనే తోచును.

ఈ నడుమ జిల్లా రూపమే మారినది. తుంగభద్ర ఆనకట్ట పని 1945లో మొదలై 1953 నాటికి నీరు పారెను. సిరుగుప్ప, కంప్లి ప్రాంతములకును, నది కావలి గంగావతి, సింధనూరులకును కోస్తా జిల్లాల నుండి రైతులు వచ్చి బీడు భూములు కొని క్యాంపులు కట్టుకొనిరి. ఆనాటినుండి ఈ సీమలో తెలుగు వోటరులు రెండు విధములయిరి. తాత ముత్తాతల నాటినుండి కన్నడమును ఇంటి భాషతో సమానముగ మాటలాడువారు ఒకరు. కాలువ వెంట వచ్చి వరి పండించినవారు మరియొకరు. మొదటివారు గ్రామమున కలిసిపోయిన వారగుటచే వోటు అడుగుటకు జంకరు. రెండవవారి క్యాంపు చాలచోట్ల మూల గ్రామమునకు దూరముగ నుండెను. పంచాయతి సభకు పిలుపు అందుటయే కష్టము. వోటరుల జాబితా కన్నడములో అచ్చగును. మన ఇంటిపేర్లు దానిలో ఒక్క పొడి అక్షరముగ కుదించుకొని పోవును. తండ్రి పేరు ఇంటిపేరు తారుమారగును. జాబితాను చేతబట్టి పేరు పేరున సరిచూచుట గొప్ప పని కాదు, కాని చేయకున్న పోలింగు నాడు వెనుదిరుగ వలసివచ్చును. కన్నడము చదువ నేర్చిన కుటుంబములే స్థానిక పదవులలోనికి రాగలిగినవని మా అభిప్రాయము. భాషాభిమానమునకు ఇందు కొరత లేదు.

రామకృష్ణ హెగ్డేగారి ప్రభుత్వమున గ్రామీణాభివృద్ధి మంత్రి అబ్దుల్ నజీర్ సాబ్. పల్లెలలో బోరు బావులు వేయించి నీళ్ళ సాబ్ అను పేరు తెచ్చుకొన్న వీరే జిల్లాకు మరల ఎన్నికను తెచ్చినవారు. 1983లో శాసనసభ ఆమోదించిన జిల్లా పరిషత్తుల చట్టమునకు రాష్ట్రపతి సమ్మతి 1985లో లభించెను. 1987 జనవరిలో ఎన్నికలు జరిగెను. ఇంచుమించు 28,000 జనమునకొక జిల్లా పరిషత్తు సభ్యుడు. స్త్రీలకు నూటికి 25 స్థానములు. జిల్లా పరిషత్తు అధ్యక్షునికి సహాయ మంత్రి హోదా. కార్యనిర్వాహకుడుగ డిప్యూటీ కమిషనరుకంటె సీనియరగు అధికారిని చీఫ్ సెక్రటరీ అను పేర నియమించిరి. జిల్లాలో పెక్కు శాఖల ఉద్యోగులు ఎన్నికయిన సభ మాట వినవలసిన స్థితి తొలిసారి కలిగినది అప్పుడే.

సరిహద్దు కావల ఆంధ్రప్రదేశమున సైతము 1986 చట్టము ప్రకారము 1987 మార్చిలో ఎన్నికలు జరిగి, జిల్లా పరిషత్తు అధ్యక్షులను ప్రజలే నేరుగ ఎన్నుకొనిరి. రెండు నెలల ఎడముతో రెండు వైపుల ఎన్నికలు! అన్నదమ్ములు పెండ్లిలో కలిసి మాటలాడుకొనినను ఒకరి మాట మరొకరికి తెలియలేదు. కర్ణాటక మండలమనగా సుమారు పదివేల జనముగల కొన్ని ఊళ్ళ కూటమి. ఆంధ్ర మండలమనగా దానికి నాలుగైదింతలు. ఇక మన పాత పుస్తకములలో మండలమనగా జిల్లాయే. ఒకే మాటకు మూడర్థములు; మండలాధ్యక్షుడయితినని ఒకరు చెప్పగా విని బంధువులు ఎంత గౌరవింపవలెనో తేల్చుకొనలేకపోయిరి.

ఆ సభల గడువు 1992 జనవరిలో ముగిసెను. వెంటనే ఎన్నికలు జరుపక అధికారులను కూర్చుండబెట్టిరి. నజీర్ సాబ్ 1988లోనే కన్నుమూసిరి. 73వ రాజ్యాంగ సవరణ వచ్చిన పిదప 1993లో కర్ణాటక క్రొత్త పంచాయతిరాజ్ చట్టమును చేసెను. జిల్లా పరిషత్తు జిల్లా పంచాయతి అయ్యెను. మండలము పోయి గ్రామ పంచాయతి వచ్చెను. నలుబదివేల జనమునకొక జిల్లా సభ్యుడు. 1995, 2000, 2005, 2010, 2016 సంవత్సరములలో ఎన్నికలు జరిగినవి. 2010లో స్త్రీల పాలు సగమునకు పెరిగెను. అధ్యక్ష పదవిని మొదట 20 నెలలకొకరికి పంచిరి. ఒకరు ఫైలు చదివి అర్థము చేసికొనునంతలో మరియొకరు ప్రమాణము చేయు పద్ధతి అది. 

2000 తరువాత సండూరు, హోసపేట గనుల సొమ్ము జిల్లా రాజకీయములలో పారిన తీరు దేశమంతయు ఎరిగినదే. 2011లో సుప్రీముకోర్టు బళ్ళారిలో గనుల త్రవ్వకమును నిలిపివేసెను. పల్లె స్థానమునకు నిలిచిన సామాన్య రైతు ఆ యేండ్లలో ఖర్చునకు వెరచి వెనుకకు తగ్గుట సహజము.

2021లో బళ్ళారి మరల చీలి, హోసపేట, కూడ్లిగి, హగరిబొమ్మనహళ్ళి, కొట్టూరు, హడగలి, హరపనహళ్ళి తాలూకాలతో విజయనగర జిల్లా ఏర్పడెను. హరపనహళ్ళి 1997లో దావణగెరెకు పోయి, 2018లో తిరిగి వచ్చినదే. బళ్ళారికి బళ్ళారి, కురుగోడు, సిరుగుప్ప, కంప్లి, సండూరు మిగిలినవి. ఒకనాటి పది తాలూకాల బోర్డు భూమి నాలుగు జిల్లాల పాలయినది. అదే 2021లో జిల్లా పంచాయతుల గడువు ముగిసినప్పుడు స్థానముల సరిహద్దులు, రిజర్వేషనులు తేలక ఎన్నికలు ఆగిపోయినవి. జిల్లా కుర్చీ మరల అధికారుల చేతికి వచ్చెను.