అనుమానం ఎవరి మీద?

సందేహాన్ని తెలిపే మాటలు మన భాషలో రెండు తెగలుగా కనిపిస్తాయి. ఏమో, కాబోలు, కామోసు, అట, కావచ్చు అనేవి ఒక తెగ. సందేహం, సంశయం, శంక, అనుమానం అనేవి రెండో తెగ. మొదటివి దేశ్యాలు, రెండోవి తత్సమాలు అని వ్యాకరణం తేల్చి చెబుతుంది. అది నిజమే. కాని వాటి తేడా పుట్టుకతో ముగిసిపోలేదు. ఏ మాటను ఎవరు, ఎవరితో, ఏ అధికారంతో వాడుతూ వచ్చారన్నది చూస్తేగాని ఆ తేడా పూర్తిగా బోధపడదు.

ముందుగా దేశ్యాల సంగతి. ఎవడు, ఎక్కడ, ఎప్పుడు అన్నవి ప్రశ్నలు. వాటికి ఒక్క ‘ఓ’ చేరితే ఎవడో, ఎక్కడో, ఎప్పుడో అవుతాయి. ‘ఏమి’కి అదే చేరి ‘ఏమో’ అయింది. జవాబు కోరే మాట కాస్తా జవాబు తెలియదని ఒప్పుకునే మాటగా మారిపోయింది. ‘కాబోలు’లో ఉన్నది ‘పోలు’ అనే ధాతువు. అయినట్టు తోస్తున్నదని దాని భావం. ‘అట’ విన్నమాటకు గుర్తు. ‘వాన పడింది’ అన్నవాడు చూసినవాడు. ‘పడిందట’ అన్నవాడు విన్నవాడు. ‘పడింది కాబోలు’ అన్నవాడు తడిసిన నేలను చూసి ఊహించినవాడు. చూసినదాన్నీ, విన్నదాన్నీ, ఊహించినదాన్నీ వేరుచేసి చెప్పటం పండితులకే చేతనైన విద్య అనుకుంటాం. అక్షరం ముక్క రాని మనిషి ఆ పనిని వాక్యం చివర ఒక చిన్న మాటతో రోజూ చేస్తున్నాడు.

ఈ మాటలకు జీవితంలో పని ఉన్నది గనుకనే అవి నిలిచాయి. కృష్ణా డెల్టాలో 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యేదాకా సేద్యానికి ఆకాశమే దిక్కు. 1832-33 నాటి గుంటూరు కరువు ఈ సీమను ఊళ్ళకు ఊళ్ళుగా తుడిచిపెట్టింది. ‘పడుతుందో పడదో’, ‘పండుతుందో ఎండుతుందో’ అన్న జంటలు అటువంటి బతుకులో అలంకారాలు కావు, లెక్కలు. ఆనకట్ట వచ్చింది, 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. కాలువ తలదగ్గర పొలమున్న రైతు మాటలో ‘నీళ్ళు వస్తాయి’ అన్న నిశ్చయం చోటుచేసుకున్నది. శివారు ఆయకట్టు రైతు మాత్రం ‘వస్తాయో రావో’ అనే అంటాడు. ఒకే కాలువ మీద ఇద్దరు రైతులు. ఇద్దరి క్రియాపదాలూ వేరు. వ్యాకరణానికి కూడా భూమిలో వేళ్ళుంటాయనటానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

ఇక రెండో తెగలో అన్నిటికంటె విచిత్రమైన చరిత్ర ‘అనుమానం’ అనే మాటది. న్యాయశాస్త్రంలో అనుమానం అంటే సందేహం కానే కాదు. సందేహాన్ని తొలగించే సాధనం. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అనే నాలుగు ప్రమాణాలలో అది రెండోది. కొండమీద పొగను చూసి నిప్పు ఉన్నదని నిర్ణయించటం అనుమానం. ఆంధ్రుడని ప్రసిద్ధికెక్కిన అన్నంభట్టు తర్కసంగ్రహంలో బాలురకు బోధించినది ఈ అర్థాన్నే. హిందీలో నేటికీ ఆ మాటకు అంచనా అన్న అర్థమే ఉన్నది. తెలుగులోనూ కన్నడంలోనూ అది తలకిందులై శంకగా మారింది. నిశ్చయజ్ఞానానికి దారిగా ఉండిన మాట నిశ్చయం లేకపోవటానికి పేరయింది.

ఈ మార్పును అర్థవిపరిణామం అని ఒక్క పారిభాషిక పదంతో సరిపెట్టవచ్చు. కాని దాని వాడుకను కొంచెం నిదానించి చూడాలి. ‘నాకు అనుమానంగా ఉన్నది’ అంటాం. ఇది తన మనస్సు సంగతి. ‘వాడి మీద నాకు అనుమానం’ అని కూడా అంటాం. ఆ ‘మీద’ అన్న విభక్తితో బరువంతా ఎదుటివాడి నెత్తికెక్కుతుంది. ‘ఏమో’కు ఈ శక్తి లేదు. ‘వాడి మీద ఏమో’ అనటానికి తెలుగు ఒప్పుకోదు. ‘కాబోలు’నూ ఎవరి మీదా వేయలేము. దేశ్యమైన సందేహం పలికినవాడి దగ్గరే ఉంటుంది. అనుమానం ఇంకొకరిమీద పడుతుంది. ఎవరిమీద పడుతుందంటే, అనుమానించేవాడికి లోబడి ఉన్నవారిమీద. మొగుడి అనుమానం పెళ్ళాంమీద, ఆసామి అనుమానం పాలేరుమీద, పోలీసు అనుమానం కూడులేనివాడిమీద. అనుమానం పెనుభూతమన్న సామెత ఉన్నది గాని, ఆ భూతం ఎవరిని పట్టి పీడిస్తుందో సామెత చెప్పలేదు.

పాత అర్థం పూర్తిగా చావలేదు. అధికారం చేతిలో బతికే ఉన్నది. శంకనే ప్రమాణంగా చెల్లించుకోవటం పాలకుల పద్ధతి. ఇందుకు డెల్టాలోనే ఒక చరిత్ర ఉన్నది. ఎరుక చెప్పటంతో ముడిపడిన పేరుగల ఎరుకలవారు ఒకప్పుడు తీరంనుంచి ఉప్పును పశువుల మీద లోపలి సీమలకు చేరవేసి ధాన్యానికి మారకం వేసేవారు. ఉప్పుమీద సర్కారు గుత్తాధిపత్యం బిగిసి, రైలుమార్గాలు పడి, ఆ వర్తకం దెబ్బతిన్నది. బతుకుతెరువు పోయి తిరుగుతున్నవారిని సర్కారు నేరస్థజాతి అన్నది. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థజాతుల చట్టం 1911 చట్టంతో మద్రాసు రాజధానికీ వచ్చింది. ఒక తెగ అలవాటుగా నేరాలు చేస్తున్నదని నమ్మటానికి కారణమున్నదని ప్రభుత్వం తలిస్తే చాలు, ఆ తెగనంతా నేరస్థజాతిగా ప్రకటించవచ్చు. ఆ ప్రకటన చెల్లుబాటును కోర్టులు ప్రశ్నించకూడదని కూడా ఆ చట్టమే రాసుకున్నది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్మెంటు వెలసింది ఆ దశాబ్దంలోనే. నిర్వహణ సాల్వేషన్ ఆర్మీది, పేరు మద్రాసు ప్రభుత్వంలోని ఒక పెద్ద అధికారిది. అక్కడ పుట్టిన బిడ్డ నేరం చేయకముందే అనుమానం కింద పుట్టింది.

ఇదే సర్కారు 1872 సాక్ష్యచట్టంలో విన్నమాట సాక్ష్యం కాదన్నది. చూసినవాడే వచ్చి చెప్పాలన్నది. పేదవాడి ‘అట’ కోర్టు గుమ్మం దాటలేదు. అది సబబే. సందేహానికి తావున్నచోట ముద్దాయిని విడిచిపెట్టాలన్నదీ ఆ కోర్టుల సూత్రమే. కాని ఒక తెగ మొత్తంమీద సర్కారుకున్న ‘అట’ చట్టమై కూర్చున్నది. కూలివాడు విన్నదాన్ని విన్నదిగా చెబితే అది పనికిరాని మాట; దొరతనం అదే పని చేస్తే గెజెట్ ప్రకటన. మద్రాసు రాష్ట్రంలో ఈ చట్టం 1947లో రద్దయింది. 1952 ఆగస్టు 31న దేశమంతటా రద్దయింది. కాని 1948లోనే మద్రాసులో అలవాటు నేరస్థుల చట్టం వచ్చి కూర్చున్నది. జాతి పేరు పోయింది, నిఘా మిగిలింది.

మాటలోనూ అది మిగిలింది. ‘అనుమానాస్పదంగా సంచరిస్తున్న వ్యక్తి’ అని పత్రికలు రాస్తాయి. ఆస్పదమంటే చోటు. అనుమానానికి చోటు ఆ మనిషిలోనే ఉన్నదని దీని తాత్పర్యం. అనుమానించినవాడు వాక్యంలో ఎక్కడా కనబడడు. ‘ఆ మనిషిమీద పోలీసులకు అనుమానం కలిగింది’ అని రాస్తే కలిగినవాడు కనబడతాడు. ఎందుకు కలిగిందని అడగవచ్చు.

సందేహానికి మరొక ముఖం కూడా ఉన్నది. న్యాయసూత్రాలు చెప్పిన పదహారు పదార్థాలలో సంశయం మూడోది. విచారణకు అదే మొదలు. గీత సంశయాన్ని నాశన హేతువు చేసింది. ఈ రెంటిలో మొదటిదాన్ని మళ్ళీ పైకెత్తినవారు ఈ డెల్టావారే. అంగలూరులో పుట్టి తెనాలిలో స్థిరపడిన త్రిపురనేని రామస్వామి పురాణాలను ప్రశ్నించాడు. గోరా 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించి 1947లో బెజవాడ పటమటకు తెచ్చాడు. 1943లో అభ్యుదయ రచయితలు మొదటి మహాసభ జరుపుకున్నదీ తెనాలిలోనే. వీరందరి సిద్ధాంతాలు ఒకటి కావు. కాని వీరి సందేహం కిందివాడి మీద పడలేదు. పైనున్న దేవుడినీ, శాస్త్రాన్నీ, ధనాన్నీ ప్రశ్నించింది.

భాషను సంస్కరించమంటే కొందరు తత్సమాలను తీసేసి దేశ్యాలను నింపటమనుకుంటారు. ‘అనుమానం’ బదులు మరో మాట పెట్టినంతలో పాలేరుమీద పడే చూపు మారదు. చేయవలసింది వేరు. ఎవరైనా ‘వాడి మీద అనుమానం’ అన్నప్పుడు, చూసి అంటున్నావా, విని అంటున్నావా, ఊహించి అంటున్నావా అని నిలదీసి అడగాలి. అలా అడగటానికి కావలసిన సామగ్రిని ‘అట’, ‘కాబోలు’, ‘ఏమో’ రూపంలో మన శ్రమజీవులు ఎన్నడో సిద్ధంచేసి పెట్టారు. రచయితలూ, విలేకరులూ, ఉపాధ్యాయులూ వాటిని వాడుకోవటమే తరువాయి.