అరవలు: ఉత్తర కోస్తాకు వచ్చిన తమిళ వర్తకులు

ఉద్దేశాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు:
• ‘అరవ’ అన్న పేరు కులనామంగా నిలిచిన తీరును వివరించగలుగుతారు.
• తమిళ వర్తకులు కళింగ తీరానికి రావడానికి దారితీసిన చారిత్రక సందర్భాలను గుర్తించగలుగుతారు.
• వలస వచ్చిన చిన్న సమూహం స్థానిక సమాజంలో కలిసిపోయే క్రమాన్ని విశ్లేషించగలుగుతారు.

1. పరిచయం

తెలుగువారు తమిళాన్ని అరవం అనీ, తమిళులను అరవలు అనీ అంటారు. ఈ మాట మీరు వినే ఉంటారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇదే మాట ఒక కులం పేరు కూడా. వర్తకం కోసం తమిళదేశం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవారి సంతతిగా ఈ కులానికి గుర్తింపు ఉంది. నేడు ఇంట్లోనూ అంగట్లోనూ వీరి భాష తెలుగే. అంటే భాష పోయింది, భాష పేరు మాత్రం మనుషులకు మిగిలింది. ఇది ఎలా జరిగిందన్నదే ఈ పాఠంలోని ప్రధాన ప్రశ్న.

2. పేరు చెప్పే సంగతి

తమిళులు తమ భాషను అరవం అనరు. అది పొరుగువారు పెట్టిన పేరు. ప్రాచీన తమిళదేశపు ఉత్తర భాగంలోని అరువానాడు నుంచి ఈ పేరు వచ్చిందని పలువురు పండితుల అభిప్రాయం. ‘అర’, ‘వాయి’ అన్న మాటలు కలిసి, అంటే సగం నోరు అన్న అర్థంలో, ఈ పేరు పుట్టిందన్న ఊహను ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో వెలువడిన తన గ్రంథంలో నమోదు చేశాడు. ఇలాంటి లోకవ్యుత్పత్తి భాషాశాస్త్రానికి సాక్ష్యం కాదు. కాని కొత్తగా వచ్చినవారి తెలుగు ఉచ్చారణను ఇరుగుపొరుగు ఎలా చూశారో తెలియజేస్తుంది.

తమిళదేశంలో దీనికి ఎదురు ఉదాహరణ ఉంది. అక్కడ తెలుగువారిని ‘వడుగర్’, అంటే ఉత్తరాదివారు, అన్నారు. రెండుచోట్లా పేరు పెట్టింది వచ్చినవారు కాదు, ముందునుంచీ ఉన్నవారు.

3. రాకకు రెండు సందర్భాలు

మొదటిది 11, 12 శతాబ్దాల నాటిది. గాంగరాజు రాజరాజ దేవేంద్రవర్మ చోళ రాకుమారి రాజసుందరిని వివాహమాడాడు. వారి కుమారుడు అనంతవర్మ చోడగంగు (1078–1147). రెండు వంశాల కలయిక అతని పేరులోనే కనిపిస్తుంది. గాంగుల రాజధాని కళింగనగరాన్ని నేటి శ్రీకాకుళం జిల్లా ముఖలింగంగా చరిత్రకారులు గుర్తించారు. వియ్యంతో పాటు యుద్ధమూ నడిచింది. కులోత్తుంగ చోళుని సేనాని కరుణాకర తొండైమాన్ కళింగంపై దండెత్తాడు. ఆ విజయమే జయంగొండార్ రచించిన ‘కళింగత్తుపరణి’కి వస్తువు.

సైన్యాలతో పాటు సరుకులూ నడిచాయి. 11వ శతాబ్ది చివరినాటి శాసనంలో విశాఖపట్నానికి కులోత్తుంగచోళపట్టణం అన్న మారుపేరు కనిపిస్తుంది. దక్షిణాదిలో పేరుమోసిన ‘అయిదువందలవారి’ వర్తక సంఘం ఉనికి కూడా అక్కడి శాసనాల వల్ల తెలుస్తోంది.

రెండవ సందర్భం మనకు మరింత దగ్గరిది. 1766 నాటి ఒప్పందంతో ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీ వశమయ్యాయి. అప్పటి నుంచి 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు ఈ ప్రాంతానికి పాలనా కేంద్రం మద్రాసే. కళింగపట్నం, భీమునిపట్నం రేవులు తీర వ్యాపారంలో భాగమయ్యాయి. విజయనగరంలోని కంటోన్మెంటులో మద్రాసు సైన్యపు దళాలు ఉండేవి. దండు ఉన్నచోట సరుకుల అంగళ్లకు గిరాకీ ఉంటుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. శాసనాలు వర్తక మార్గానికి సాక్ష్యం, నేటి కుటుంబాల వంశవృక్షానికి కాదు. మధ్యనున్న దాదాపు 900 ఏళ్లను ఒక్క వాక్యంలో దాటకూడదు. ఇంటిపేర్లు, ఇలవేల్పులు, వియ్యాల పరిధి, పాత క్రయపత్రాలు చూసి కుటుంబాల చరిత్రను విడిగా పరిశీలించాలి.

4. విలీనం జరిగిన తీరు

తమిళదేశానికి వెళ్లిన తెలుగు కుటుంబాలు అనేకం శతాబ్దాలుగా ఇంట తెలుగు నిలుపుకున్నాయి. అరవలు తమిళం ఎందుకు నిలుపుకోలేదు? జనసంఖ్య ముఖ్యమైన తేడా. విజయనగర, నాయక రాజుల కాలంలో తెలుగువారు పెద్ద సంఖ్యలో వెళ్లారు. పాలకుల అండ ఉంది. ఊళ్లకు ఊళ్లే ఏర్పడ్డాయి. ఉత్తర కోస్తాకు వచ్చిన వర్తకులది చెదురుమదురు వలస. చిల్లర వ్యాపారికి కొనేవారి భాషే జీవనాధారం. బేరం, పద్దు, అప్పుపత్రం తెలుగులో నడిచాక, పిల్లల చదువూ తెలుగైతే, ఇంటి భాష రెండు మూడు తరాల్లో మారిపోతుంది.

అయితే భాష కలిసినంత సులువుగా కులం కలవదు. పెళ్లిళ్లు తమలో తామే చేసుకున్నంతకాలం సమూహానికి వేరు పేరు అవసరమవుతుంది. ఆ అవసరాన్ని పొరుగువారి మాటే తీర్చింది. నేడు ఆంధ్రప్రదేశ్ వెనుకబడిన తరగతుల జాబితాలో, డి గ్రూపులో, ‘అరవ’ ఒక కులం. ఒకనాడు పరాయివాడని చెప్పిన పేరే ఇప్పుడు ఈ నేలపై హక్కును చెప్పే పేరైంది. ధ్రువపత్రం కోసం వచ్చిన తెలుగు విద్యార్థిని ‘నువ్వు తమిళుడివా?’ అని అడిగితే, అడిగినవారికి ఈ చరిత్ర తెలియదన్నమాట.

5. సారాంశం

కులనామం వలసకు ఆనవాలు కావచ్చు, నేటి భాషకు కొలమానం కాదు. అరవల విషయంలో భాషాపరమైన విలీనం పూర్తయింది, కులపు హద్దు మిగిలింది. ఈ రెండింటినీ వేరుచేసి చూడటం సామాజిక చరిత్ర విద్యార్థికి తప్పనిసరి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ‘అరవ’, ‘వడుగర్’ అన్న పేర్లలోని పోలిక ఏమిటి?
2. శాసనాధారాలను నేటి కులచరిత్రకు నేరుగా అన్వయించడంలో ఉన్న చిక్కును వివరించండి.
3. మీ ఊరిలో వలసను సూచించే కులనామం లేదా ఇంటిపేరు ఒకటి ఎంచుకొని, పెద్దలను అడిగి, పది వాక్యాలు రాయండి.