కరోనర్ల విధులలో పరస్పర విరుద్ధ ప్రయోజనాలు: అమెరికా రాష్ట్రాల శాసన చర్యలు

అనుమానాస్పద, ఆకస్మిక మరణాలు సంభవించినప్పుడు వాటి కారణాన్ని నిర్ధారించే బాధ్యత అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని పలు కౌంటీలలో కరోనర్ అనే అధికారిపై ఉంటుంది. కౌంటీ అనగా స్థూలంగా మన జిల్లాను పోలిన పాలనా విభాగం. మరణం సహజమైనదా, ప్రమాదమా, ఆత్మహత్యా, పరుల చేతిలో సంభవించినదా అన్నది కరోనర్ ధ్రువీకరిస్తారు. నేర విచారణ, బీమా చెల్లింపు, మృతుని కుటుంబం కోరే నష్టపరిహారం చాలా వరకు ఆ ధ్రువీకరణపైనే ఆధారపడతాయి.

ఈ అధికారే మరొక పదవిని కూడా నిర్వహిస్తున్నప్పుడు చిక్కు ఏర్పడుతుంది. కాలిఫోర్నియాలో 58 కౌంటీలకు గాను 48 కౌంటీలలో షెరీఫే కరోనర్‌గా వ్యవహరించే పద్ధతి నెలకొన్నది. శాంతిభద్రతలతో పాటు కౌంటీ జైలు నిర్వహణ కూడా సాధారణంగా షెరీఫ్ అధీనంలోనే ఉంటుంది. తత్ఫలితంగా జైలులో ఖైదీ మరణించినా, షెరీఫ్ సిబ్బంది కాల్పులలో ఎవరైనా మరణించినా కారణాన్ని తేల్చవలసినది ఆ శాఖే అవుతుంది.

ఈ విషయమై కాలిఫోర్నియా దశలవారీగా చర్యలు చేపట్టింది. 2016లో ఆమోదించిన ఎస్.బి. 1189 చట్టం ప్రకారం ఫోరెన్సిక్ శవపరీక్షను లైసెన్సు గల వైద్యుడు మాత్రమే జరపాలి. మరణంతో ప్రత్యక్ష ప్రమేయం గల పోలీసు సిబ్బందికి శవపరీక్ష గదిలోకి ప్రవేశం నిషిద్ధం. అయినప్పటికీ మరణ స్వభావాన్ని వైద్యుని సంప్రదింపుతో నిర్ణయించే అధికారం కరోనర్‌కే మిగిలింది. 2017 చివరలో శాన్ వాకీన్ కౌంటీకి చెందిన ఇద్దరు ఫోరెన్సిక్ వైద్యులు, తమ నిర్ధారణలలో షెరీఫ్ జోక్యం చేసుకుంటున్నారని ఆరోపిస్తూ రాజీనామా చేశారు. షెరీఫ్ ఆ ఆరోపణలను తోసిపుచ్చారు. 2018లో కౌంటీ పాలకమండలి రెండు విధులను వేరు చేయాలని తీర్మానించింది.

అధిక జనాభా గల కౌంటీలలో వైద్య పరీక్షాధికారి కార్యాలయాన్ని తప్పనిసరి చేసే ఎస్.బి. 1303 బిల్లును 2018లో గవర్నర్ జెర్రీ బ్రౌన్ తిరస్కరించారు. పదవుల విభజనను ఉద్దేశించిన ఎ.బి. 1608 బిల్లు 2022లో సెనేట్‌లో వీగిపోయింది. అనంతరం 2025లో ఎ.బి. 1108 చట్టరూపం దాల్చింది. ఇది పదవులను విడదీయదు. రెండు పదవులు కలిసి ఉన్న కౌంటీలలో నిర్బంధంలో సంభవించే మరణాల నిర్ధారణను, స్వతంత్ర కరోనర్ లేదా వైద్య పరీక్షాధికారి గల వేరొక కౌంటీకి, లేదా అర్హత గల బయటి సంస్థకు అప్పగించాలని నిర్దేశిస్తుంది. అమలు తేదీ 2027 జనవరి 1.

వాషింగ్టన్ రాష్ట్రంలో సమస్య మరొక రూపంలో ఉండేది. 40 వేల లోపు జనాభా గల కౌంటీలలో ప్రాసిక్యూటరే పదవిరీత్యా కరోనర్‌గా ఉండేవారు. అభియోగాలు మోపాలా వద్దా అని నిర్ణయించేదీ, కౌంటీ అధికారులకు న్యాయసలహా ఇచ్చేదీ కూడా ప్రాసిక్యూటరే. 2021 నాటి హెచ్.బి. 1326 చట్టం ఈ విధానాన్ని 2025 జనవరి 1 నుండి రద్దు చేసింది. చిన్న కౌంటీలు ప్రత్యేకంగా కరోనర్‌ను ఎన్నుకోవడానికి గానీ, నియమించుకోవడానికి గానీ, పొరుగు కౌంటీతో ఒప్పందం ద్వారా సేవలు పొందడానికి గానీ అవకాశం కల్పించింది. కరోనర్లకు శిక్షణను తప్పనిసరి చేసింది.

వ్యయభారం, ఫోరెన్సిక్ వైద్యుల కొరత సంస్కరణలకు ప్రధాన అవరోధాలుగా ఉన్నాయి. పొరుగు కౌంటీ సేవలకు రెండు చట్టాలూ వీలు కల్పించడానికి ఇదొక కారణం. అయితే కేసు మరొక కౌంటీకి వెళ్ళినా, ఘటనా స్థలంలో తొలి ఆధారాలను సేకరించేది తరచు స్థానిక షెరీఫ్ సిబ్బందే. కావున బదిలీ ఎంత త్వరగా జరుగుతుందన్న దానిపై చట్టం ఫలితం ఆధారపడి ఉంటుంది.

భారతదేశంలో పోలీసు కస్టడీ మరణాలపై జుడీషియల్ మేజిస్ట్రేట్ విచారణ జరపాలని క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌కు 2005లో చేసిన సవరణ నిర్దేశించింది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 196వ సెక్షన్‌లోనూ ఈ నిబంధన కొనసాగుతుండటం గమనార్హం.