0877లో సున్నా ఎలా పోయింది?

తిరుపతి ఎస్టీడీ కోడ్ 0877, చిత్తూరుది 08572. వెబ్ ఫారంలో సరిగ్గానే కొట్టినా అవతలికి 877, 8572 అని చేరుతుంటాయి. కొన్ని పాత బ్రౌజర్లలో ఉత్త సున్నాయే మిగిలేది. కొట్టినవాళ్లదే తప్పనుకుంటే చిక్కు వీడదు, దాని మూలం ఫారం పుట్టుకలో ఉంది. 1995 నవంబరులో వెలువడిన హెచ్‌టీఎంఎల్ 2.0 ప్రమాణంలో టెక్స్ట్, పాస్‌వర్డ్, చెక్‌బాక్స్ లాంటివి ఉన్నాయి గానీ అంకెలకంటూ వేరే గడి లేదు. ఏం కొట్టినా అక్షరాల వరుసగానే సర్వర్‌కు వెళ్లేది. అదే ఏడాది బ్రౌజర్ల సంస్థ నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో తొలిరూపం ఇచ్చిన జావాస్క్రిప్ట్ భాష ఆ అక్షరాలను అడక్కుండానే సంఖ్యలుగా మార్చేస్తుంది, అదీ ఒక తీరున కాదు. దర్శనం ఫారంలో పెద్దలు 3, పిల్లలు 2 అని నింపారనుకుందాం. కూడిక గుర్తు ఆ రెంటినీ అతికించి 32 చేస్తుంది, తీసివేత మాత్రం బుద్ధిగా 1 అంటుంది. తీసివేత పనిచేసిందని కూడికనూ నమ్మిన ప్రోగ్రామర్ దెబ్బతినేది ఇక్కడే.

సున్నా కథ ఇంకా పాతది. సంఖ్య ముందు సున్నా ఉంటే ఆక్టల్‌గా, అంటే ఎనిమిది అంకెల లెక్కలో చదవడం 1970ల నాటి సీ భాషలోని ఆనవాయితీ. 1999 నాటి జావాస్క్రిప్ట్ ప్రమాణం, అక్షరాల నుంచి సంఖ్యను చదివే పార్స్‌ఇంట్ అనే ఫంక్షన్‌కు ఆ వెసులుబాటు ఉంచింది. ఆక్టల్‌లో 8 అనే అంకే లేదు కాబట్టి 0877 దగ్గర అది సున్నా దాటగానే ఆగిపోయేది. చెన్నై 044 ఏకంగా 36 అయ్యేది. ఇదే మరీ ప్రమాదం, చూడ్డానికి తప్పులా కనిపించదు. 2009 డిసెంబరులో వచ్చిన ప్రమాణం ఆ ఆనవాయితీని పార్స్‌ఇంట్ నుంచి తీసేసింది. అయినా సంఖ్యగా మార్చాక ముందున్న సున్నా నిలవదు.

అందుకే నేననేది, లెక్క కట్టనిదాన్ని సంఖ్యగా మార్చనే కూడదు. తిరుపతి పిన్‌కోడ్ 517501ని రెండింతలు చేస్తే ఏ ఊరూ రాదు. పిన్‌కోడ్ సున్నాతో మొదలవదు కదా, మారిస్తే నష్టమేమిటని అడగొచ్చు. చాలామంది రాసే అలవాటున 517 501 అని ఖాళీ వదిలితే పార్స్‌ఇంట్ 517 దగ్గరే ఆగుతుంది. ౫౧౭౫౦౧ అని తెలుగు అంకెల్లో రాస్తే అసలు సంఖ్యే కాదంటుంది. అంకెల కోసం తర్వాత వచ్చిన నంబర్ గడి పెడితే ఫోన్లో అంకెల కీబోర్డు వస్తుంది కదా అన్నది ఇంకో అభ్యంతరం. అది న్యాయమైనదే, కానీ ఆ కీబోర్డును ఇన్‌పుట్‌మోడ్ అనే లక్షణంతో టెక్స్ట్ గడిలోనూ తెప్పించవచ్చు. పిన్‌కోడ్ లాంటివాటికి నంబర్ గడి తగదని హెచ్‌టీఎంఎల్ ప్రమాణమే చెబుతోంది. పైగా నంబర్ గడిలో సంఖ్య కానిది ఏం కొట్టినా ప్రోగ్రాముకు ఖాళీగానే కనిపిస్తుంది, ఆ ఖాళీని పార్స్‌ఇంట్‌తో కాక నేరుగా సంఖ్యగా మారిస్తే 0 వస్తుంది. వయసు గడి నింపని మనిషి అలా పసిబిడ్డ అవుతాడు. వయసును మార్చక తప్పదు, నిజమే. అయితే ముందు ఖాళీయేమో చూసి, తర్వాత మార్చి, వచ్చింది సంఖ్యేనా, హద్దులో ఉందా అని చూడాలి. బ్రౌజర్ వైపు ఈ పనంతా ఒక్కచోటే జరగాలి, సర్వర్ దగ్గర మళ్లీ పరీక్షించాలి.