హార్మోనియం రేకు - శ్రుతి సరిచేయు విద్య

తెలుగు పద్యనాటకమునకు తోడునీడగా నిలిచిన వాద్యము హార్మోనియం. బందరులో తెలుగు పండితులుగా పనిచేసిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు, దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు జంటగా రచించిన పాండవ నాటకముల పద్యములు బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతములలో ఈ పెట్టె శ్రుతిపైననే మారుమ్రోగినవి. పెట్టె శ్రుతి తప్పినచో ఎంతటి గాయకుని రాగమైనను చెడును.

హార్మోనియం ధ్వనికి మూలము రేకు. ఇది ఒక కొన బిగించి, రెండవ కొన వదలిన సన్నని ఇత్తడి నాలుక. గాలి తాకిడికి ఇది కంపించును. చీనా దేశపు ‘షెంగ్’ వాద్యములో ఇట్టి రేకులు ప్రాచీన కాలమునుండి కలవు. 1829లో వియన్నాలో డెమియన్ ‘అకార్డియన్’కు పేటెంటు పొందెను. కొలది సంవత్సరములకు పారిస్‌లో డెబైన్ కాలితో త్రొక్కు హార్మోనియమును నిర్మించెను. 19వ శతాబ్ది చివరి భాగమున కలకత్తాలో ద్వారకానాథ ఘోష్ దానిని నేలపై కూర్చుండి ఒక చేత తిత్తి ఆడించి వాయించు పెట్టెగా మార్చెను.

సముద్రతీరపు ఉప్పుగాలికి ఇత్తడి చిలుము పట్టును. చిలుము, ధూళి రేకు కొనపై చేరిన బరువు పెరిగి శ్రుతి దిగును. ఆకురాయితో కొనవద్ద రాచిన శ్రుతి హెచ్చును. మొదటివద్ద రాచిన తగ్గును. రాచిన లోహము తిరిగి రాదు కనుక ముందుగా దోషమెంతయో కొలువవలెను.

ఆ కొలతకు మార్గము చూపినవాడు జర్మనీలోని పట్టువస్త్రముల ఉత్పత్తిదారు షైబ్లర్. 1834లో అతడు శ్రుతిదండముల వరుసతో విస్పందనములను లెక్కించి పౌనఃపున్యములను నిర్ణయించెను. 440, 442 కంపనముల స్వరములు కలిసి మ్రోగిన, ధ్వని సెకనుకు 2 సార్లు హెచ్చి తగ్గును. విస్పందనములు లేకున్న శ్రుతులు కలిసినట్లే. ఏ స్వరము హెచ్చో తెలియుటకు రేకు కొనపై రవంత మైనము అంటింపవలెను. విస్పందనములు తగ్గినచో రేకు శ్రుతియే హెచ్చుగా ఉన్నదని అర్థము.

గాలి జోరు మారిన శ్రుతియు కొంత మారును. అందుచే పనివానికి ఒక పరీక్షాపేటిక అవసరము. గాలి చొరని చెక్కపెట్టె, పైన రేకు పలక అమరు చీలిక, ప్రక్కన తిత్తి ఉన్న చాలును. తిత్తిపై సదా ఒకే బరువు ఉంచిన గాలి పీడనము దాదాపు స్థిరముగా నుండును. తుది పరీక్ష మాత్రము రేకును వాద్యములో అమర్చియే చేయవలెను.

స్థిర స్వరములు గమకములకు చాలవని 1940లో రేడియో ఈ వాద్యమును నిషేధించెను; 1971లో నిషేధము సడలెను. స్థిర స్వరములు వాద్యము స్వభావమే. కాని శ్రుతి తప్పుట మన అశ్రద్ధ. చెవి, గడియారము, శ్రుతిదండము గల ప్రతి పాఠశాలలోను విద్యార్థులు ఈ ప్రయోగము చేయవచ్చును.